నాగార్జునకొండ మ్యూజియం: యజ్ఞం చేసిన రాజు, స్తూపం కట్టించిన తోబుట్టువు

నాగార్జునకొండ వెళ్లొచ్చిన వాళ్లను ఎలా ఉందని అడిగితే ఎక్కువమంది ముందు లాంచీ ప్రయాణం గురించి, తర్వాత మ్యూజియంలో నిలబడి ఉన్న పెద్ద బుద్ధుడి గురించి చెబుతారు. రెండూ చూడదగ్గవే. కానీ బౌద్ధానికీ వైదిక సంప్రదాయానికీ చుట్టరికం ఏమిటి, ఒకటి ఇంకొకదానిలోంచి ఎలా వచ్చింది అని నిజంగా తెలుసుకోవాలనుకునే వాళ్లకు సాగర్ జలాశయంలోని ఈ దీవి ఇచ్చేది అంతకన్నా చాలా ఎక్కువ. రాజు చేసిన శ్రౌతయాగాల, అంటే వేదం చెప్పిన పెద్ద యజ్ఞాల, పేర్లు బుద్ధుడి ధాతువు (అస్థి అవశేషం) పెట్టిన మహాచైత్యం అనే పెద్ద స్తూపం స్తంభాల మీదే చెక్కి కనిపించే చోటు మన పల్నాట్లో ఉంది. ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని వెళ్లేవాళ్ల కోసమే ఈ సమీక్ష.

ముందు ప్రయాణం సంగతి. కుడిగట్టు వైపు నుంచి వెళ్లేవాళ్లు విజయపురి సౌత్‌లోని లాంచీ స్టేషన్‌కు చేరాలి. దగ్గరలో రైలు దిగేచోటు మాచర్ల, అక్కడినుంచి సుమారు పాతిక కిలోమీటర్లు. తెలంగాణ గట్టు నుంచి వెళ్లాలనుకుంటే అక్కడ లాంచీలు నడుస్తున్నాయో లేదో ముందే కనుక్కోండి. నీటి మీద వెళ్లడానికే ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. గాలి ఎక్కువగా ఉన్న రోజున లాంచీలు ఆపేస్తారు, జలాశయంలో నీటిమట్టం బాగా పడిపోయినప్పుడూ ఇబ్బందే. అందుకని బయల్దేరే రోజు పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ ఓర్చుకునేలా ఉంటుంది. ఎండాకాలం పల్నాడు రాయి మీద నడక కష్టం. తాగునీళ్లు, గొడుగు దగ్గర ఉంచుకోవాలి.

ఈ యాత్రలో అసలు చిక్కు సమయంతోనే వస్తుంది. లాంచీ దిగగానే అందరూ మ్యూజియంలోకి పరుగు తీసి, శిల్పాలన్నీ ఒక చుట్టు చుట్టి, ఫొటోలు దిగి, తిరుగు లాంచీ కూత వినగానే మళ్లీ పరుగు పెడతారు. తిరుగు లాంచీ ఎన్నింటికో, అదే టికెట్ మీద తర్వాతి లాంచీలో రానిస్తారో లేదో టికెట్ తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి. గంటలో ఈ దీవి అందదు. కనీసం రెండున్నర గంటలు చేతిలో ఉండాలి. అంత కుదరకపోతే శిల్పాల్లో సగం వదిలేయండి, శాసనాలను మాత్రం వదలొద్దు.

ఇది దీవి అయింది ఈ మధ్యనే. అంతకుముందు మూడువైపులా కొండలు, నాలుగోవైపు కృష్ణ ఉన్న లోయలో ఇది ఒక కొండ. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో శాతవాహనుల తర్వాత వచ్చిన ఇక్ష్వాకు రాజులు ఈ లోయలో విజయపురి అనే రాజధాని కట్టుకుని సుమారు నూరేళ్లు ఏలారు. 1926లో పురాతత్వ ఉద్యోగి రంగస్వామి సరస్వతి ఈ శిథిలాలను గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వారు. 1938 నుంచి రెండేళ్లు టి. ఎన్. రామచంద్రన్ తవ్వారు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న పునాది పడింది. లోయ మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ మొత్తాన్ని తవ్వి తీశారు. ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు బయటపడ్డాయి. వాటితోపాటే కార్తికేయుడి గుడి, శివాలయాలు, అష్టభుజస్వామి అనే విష్ణువు గుడి, అశ్వమేధం జరిగిన చోటు కూడా బయటపడ్డాయి. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి కొండ మీద మళ్లీ పేర్చారు. మరికొన్నింటికి నకళ్లను అనుపు దగ్గర గట్టు మీద కట్టారు. మిగతాదంతా ఇప్పుడు లాంచీ కింద నీళ్లలో ఉంది. మ్యూజియంలో ఆ మునిగిన లోయ నమూనా ఒకటి ఉంది. వెళ్లగానే దాని దగ్గర ఒక ఐదు నిమిషాలు నిలబడండి. స్తూపాలూ గుళ్లూ ఒకే ఊరిలో ఎంత దగ్గర దగ్గరగా ఉండేవో అది చూపించినంత బాగా ఏ పుస్తకమూ చూపించదు.

ఇక మహాచైత్యం. పైకి ఇటుక దిబ్బలాగే కనిపిస్తుంది గానీ, కట్టినవాళ్ల ఆలోచన లోపల ఉంది. పునాది బండి చక్రంలా వేశారు: మధ్యలో నాభి, దాన్నుంచి చీలే కడ్డీల్లాంటి ఆకులు, చుట్టూ నేమి అనే అంచు. ఆకుల మధ్య గదుల్లో మట్టి నింపారు. ఇటుక ఇరవై అంగుళాల పొడవు, పది వెడల్పు, మూడు మందం. వ్యాసం నూరడుగులు దాటిన దిబ్బను మొత్తం ఇటుకతో నింపితే ఖర్చుకు అంతుండదు. వట్టి మట్టితో పోస్తే నాలుగు వానలకు జారిపోతుంది. చక్రం ఆ రెండు చిక్కులనూ తీర్చింది, పైగా అది ధర్మచక్రం కూడా. నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన అరుగులను ఆయకాలంటారు. ఒక్కో ఆయకం మీద ఐదేసి స్తంభాలు: పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, మొదటి ఉపదేశం, నిర్వాణం. ఉత్తరంవైపు గదుల్లో ఒకదానిలో లాంగ్‌హర్స్ట్‌కు పగిలిన కుండ దొరికింది. అందులో వెండి భరిణె, దానిలో బంగారు భరిణె, దానిలో బఠాణీ గింజంత ఎముక ముక్క.

ఆ ఆయక స్తంభాల మీద రాసింది చదివితే అసలు కథ మొదలవుతుంది. దాత పేరు చాంతిసిరి, మన పుస్తకాల్లో శాంతిశ్రీ అని రాస్తారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. బుద్ధుడికి నమస్కరించి, ఆ తర్వాత తానెవరో చెప్పుకుంటుంది. వాసిష్ఠీపుత్ర శాంతమూల మహారాజుకు తోడబుట్టిన దాన్నంటుంది. ఆ రాజు ఎలాంటివాడు? ప్రాకృతంలో ఉన్నది ఉన్నట్టుగా చదవండి: విరూపఖపతి మహాసేన పరిగహితస, హిరణకోటి గోసతసహస హలసతసహస పదాయిస, అగిహోతాగిఠోమ వాజపేయాసమేధ యాజిస.

కాస్త నెమ్మదిగా చదివితే అనువాదం అక్కర్లేదు. మహాసేనుడు, అంటే కుమారస్వామి, అనుగ్రహించినవాడు. కోటి బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ల నేల దానం చేసినవాడు. అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు. యజ్ఞంలో పశువును చంపొద్దన్న బుద్ధుడి ధాతువు మీద కట్టిన స్తూపం అది. దాని స్తంభం మీద అశ్వమేధం చేసిన తోబుట్టువును గర్వంగా పొగుడుకుంటోంది ఆ దాత. ఈ ఒక్క వాక్యం దగ్గర పది నిమిషాలు ఆగని వాళ్లు నాగార్జునకొండ చూడనట్టే లెక్క.

పేర్లను కూడా గమనించండి. రాజు శాంతమూలుడు వాసిష్ఠీపుత్రుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు మాఠరీపుత్రుడు. తల్లి గోత్రాన్నిబట్టి వచ్చిన పేర్లివి, వైదిక గోత్రాలు. శాంతిశ్రీ భర్త పేరు స్కందశ్రీ, కుమారస్వామి పేరే. ఇంకో తోబుట్టువు హమ్మసిరి కూతుళ్లు బాపిసిరి, ఛఠిసిరి ఇద్దరూ వీరపురుషదత్తుడికి భార్యలు. అంటే మేనత్త కూతుళ్లు. మేనరికం తెలిసిన తెలుగువాళ్లకు ఈ కుటుంబం అర్థం కావడానికి వంశవృక్షం గీయాల్సిన పనిలేదు. కోటలో మగవాళ్లు అగ్నిహోత్రం చేస్తున్నారు, అదే ఇంటి అత్తాకోడళ్లు భిక్షువులకు విహారాలు కట్టిస్తున్నారు. రెండు మతాలు ఒకదాన్నొకటి నరుక్కున్నాయని నమ్మేవాళ్లు ఈ ఇంటిని లెక్కలోకి తీసుకోవాలి.

వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట ఉపాసిక, అంటే బౌద్ధ గృహస్థురాలు, బోధిశ్రీ తామ్రపర్ణి, అంటే సింహళ, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ శాసనం బుద్ధుణ్ణి ఏమని పిలుస్తుందో చూడండి: ఇఖాకు రాజ పవర రిసి సత పభవ వంస సంభవ. ఇక్ష్వాకు రాజవరులూ వందలమంది ఋషులూ పుట్టిన వంశంలో పుట్టినవాడు. రాముడిది ఇక్ష్వాకు వంశం. దీఘనికాయం అనే పాలి బౌద్ధగ్రంథంలో బుద్ధుడు శాక్యుల మూలపురుషుడిగా చెప్పిన ఒక్కాకుడు ఈ ఇక్ష్వాకుడే. విజయపురిని ఏలినవాళ్లూ తామూ ఇక్ష్వాకులమే అన్నారు. ఎవరి వంశావళి ఎంతవరకు చరిత్ర అన్నది వేరే చర్చ. బుద్ధుడు పరాయివాడని, బయటినుంచి వచ్చిన వేరే సంగతని మూడో శతాబ్దపు పల్నాట్లో ఎవరికీ అనిపించలేదన్నది మాత్రం రాతిమీద ఉంది.

ఇంకో జత శాసనాలు చెబుతాను. వీరపురుషదత్తుడి కొడుకు ఎహువల శాంతమూలుడి పదకొండో ఏడు. ఆ ఏడు ఎలిశ్రీ అనే సేనాని సర్వదేవుడికి, అంటే శివుడికి, గుడి కట్టించి సంస్కృతంలో శాసనం వేయించాడు. అదే ఏడు రాజు తోబుట్టువు, వనవాస అనే రాజ్యపు మహారాజు భార్య కొడబలిసిరి, మహీశాసక అనే బౌద్ధ శాఖ భిక్షువుల కోసం విహారం కట్టించింది. ఆమె శాసనం ప్రాకృతంలో. ఒకే ఊరు, ఒకే రాజు, ఒకే సంవత్సరం.

ఈ రెండు శాసనాలూ తెలిస్తే ఒక పెద్ద పొరపాటు దానంతటదే సర్దుకుంటుంది. బౌద్ధం హిందూమతంలోంచి పుట్టిందని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అందులో సగమే నిజం. బుద్ధుడి కాలానికి వేదాలున్నాయి, యజ్ఞాలున్నాయి, తొలి ఉపనిషత్తులున్నాయి, ఇల్లు విడిచి తిరిగే శ్రమణులున్నారు. ఆ మట్టిలోనే బౌద్ధం మొలిచింది. కానీ ఇప్పుడు మనం హిందూమతం అనుకునే గుడి, గర్భగృహంలో మూర్తి, పురాణం, భక్తి చాలావరకు తర్వాత రూపుకట్టినవి. విజయపురిలో ఆ గుళ్లు స్తూపాల పక్కనే, ఒకే తాపీపనివాళ్ల చేతుల్లో పెరుగుతుండగా చూడొచ్చు. వెనకవైపు గుండ్రంగా తిరిగే గజపృష్ఠ ఆకారం ఇక్కడ బౌద్ధ చైత్యగృహానికీ ఉంది, దేవుడి గుడికీ ఉంది. తల్లీబిడ్డల పోలిక ఇక్కడ సరిపోదు. ఒకే వైదిక పెద్దల ఇంట పెరిగి, వాటాలు పడ్డాక కూడా ఒకే వాకిట్లో తిరిగిన దాయాదులంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

వాటాలు ఎక్కడ పడ్డాయో తెలిసి వెళ్తే శిల్పాలు బాగా అర్థమవుతాయి, అందుకని ఆ ముక్క ఇక్కడే. కర్మ అన్న మాట తీసుకోండి. వేదంలో కర్మ అంటే యజ్ఞక్రియ. మంత్రం, హవిస్సు, క్రమం తప్పకుండా చేస్తే ఫలం వస్తుంది. బృహదారణ్యక ఉపనిషత్తులో ఆర్తభాగుడు మనిషి చనిపోయాక ఏమవుతాడని యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు. యాజ్ఞవల్క్యుడు సభలో జవాబు చెప్పడు. చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్తాడు. వాళ్లు మాట్లాడుకున్నది కర్మ గురించే, పుణ్యకర్మ వల్ల పుణ్యుడు, పాపకర్మ వల్ల పాపి అవుతాడని. అంటే కర్మ యజ్ఞశాల దాటి నడవడికలోకి వచ్చింది, కానీ ఇంకా గుట్టుగా చెప్పే మాటే. బుద్ధుడు ఇంకో అడుగు వేశాడు. చేతనాహం భిక్ఖవే కమ్మం వదామి, చేతనే, అంటే సంకల్పమే కర్మ అన్నాడు. అదీ జనం భాషలో, అందరి ముందూ. మాట పాతదే, దాని నివాసం హోమగుండం నుంచి మనసులోకి మారింది.

యజ్ఞం విషయంలోనూ ఇంతే. కూటదంతుడనే బ్రాహ్మణుడు ఏడేసి వందల ఎద్దులు, దూడలు, మేకలు, పొట్టేళ్లను యూపాలకు, అంటే యజ్ఞస్తంభాలకు, కట్టించి, యజ్ఞం ఎలా చేయాలో చెప్పమని బుద్ధుణ్ణే అడుగుతాడు. బుద్ధుడు యజ్ఞం మానమని మొదలుపెట్టడు. పూర్వం ఒక రాజు ప్రాణి చావకుండా, చెట్టు నరకకుండా, పనివాళ్లను కొట్టకుండా నెయ్యి, నూనె, వెన్న, పెరుగు, తేనె, బెల్లంతో చేసిన యజ్ఞం గురించి చెబుతాడు. ఆ తర్వాత దానం, శీలం, ధ్యానం ఒక్కొక్కటీ అంతకన్నా గొప్ప యజ్ఞమని మెట్టు మెట్టుగా తీసుకెళ్తాడు. ఇంకోచోట, యజ్ఞాలకు అగ్నిహోత్రం ముఖం, ఛందస్సులకు సావిత్రి (గాయత్రి) ముఖం అన్న గాథ బుద్ధుడి నోటనే వస్తుంది. మహాచైత్యం స్తంభం మీద అగిహోత అన్న మాట చూసినప్పుడు ఈ గాథ గుర్తుకు రావాలి. అగ్నిపూజ వదిలి తన శిష్యులైన జటిల కాశ్యపులకు ఆయన చెప్పింది కూడా అగ్ని గురించే: కన్ను మండుతోంది, చెవి మండుతోంది, రాగం, ద్వేషం, మోహం అనే మంటలతో మండుతోంది అని. వాళ్లు అంతకుముందు రోజూ రాజేసిన అగ్నినే తీసుకుని ఆర్పాల్సిన అగ్నిగా చూపించాడు. నిర్వాణం అన్న మాటకు అర్థమే ఆరిపోవడం.

ఆయన ఒప్పుకోనివీ అంతే స్పష్టం. వేదం ప్రమాణమని ఒప్పుకోలేదు. పుట్టుకతో బ్రాహ్మణుడు కాడు, చేసే పనితో అవుతాడన్నాడు. ఆత్మ ఉందనలేదు. ఈ చివరిదే అసలు గట్టు. యాజ్ఞవల్క్యుడు నేతి నేతి (ఇది కాదు, ఇది కాదు) అంటూ ఒక్కొక్కటీ తోసేస్తాడు, తోసేయడానికి వీల్లేకుండా మిగిలేది ఆత్మ. బుద్ధుడు రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం ఐదింటినీ తీసుకుని ఇది నాది కాదు, ఇది నేను కాదు, ఇది నా ఆత్మ కాదని ఒక్కొక్కటీ తోసేస్తాడు. చివర ఏదీ మిగల్చడు. నడిచిన దారి ఒకటే, ఆగిన చోటు వేరు.

ఇప్పుడు మ్యూజియంలోకి. పల్నాడు సున్నపురాయి లేత ఆకుపచ్చ, తెలుపు కలిసిన రంగులో ఉంటుంది, మెత్తగా ఉలికి లొంగుతుంది. అందుకే బొమ్మల వేళ్లు, జడల ముళ్లు కూడా తెలుస్తాయి. మాయాదేవి ప్రసవం చెక్కిన పలక దగ్గర బిడ్డ కోసం వెతక్కండి. దిక్పాలకులు పట్టుకున్న వస్త్రం మీద చిన్న చిన్న పాదముద్రలు చూడండి, బిడ్డ వచ్చాడనడానికి అవే గుర్తు. వేదంలో వృత్రుణ్ణి చంపిన ఇంద్రుడు ఇక్కడ పొడవాటి కిరీటంతో చేతులు జోడించి నిలబడతాడు. బోధి తర్వాత ధర్మం చెప్పడానికి బుద్ధుడు వెనకాడితే చెప్పమని బతిమాలింది బ్రహ్మ. బౌద్ధం దేవతలను కాదనలేదు, వాళ్లను శ్రోతలుగా కూర్చోబెట్టింది. తర్వాతి కాలంలో పురాణాలు బుద్ధుణ్ణే విష్ణువు అవతారాల్లో చేర్చుకున్నాయి. ఆ ఇంటి దేవుణ్ణి ఈ ఇల్లు, ఈ ఇంటి గురువును ఆ ఇల్లు తమవాళ్లలో కలుపుకున్నారు.

ఒకే సింహాసనం మీద ఇద్దరు రాజులు కూర్చుని ఉన్న పలక కనిపిస్తే అది మాంధాత కథ. మాంధాత ఇక్ష్వాకు వంశపు చక్రవర్తి. ఇంద్రుడు తన ఆసనంలో సగం ఇచ్చాడని భారతమూ చెబుతుంది, జాతకమూ (బుద్ధుడి పూర్వజన్మ కథ) చెబుతుంది. జాతకం అక్కడ ఆగదు. సగం చాలక మొత్తం స్వర్గం కావాలనుకున్న మాంధాత కిందపడి చనిపోతాడు. కథ ఇద్దరిదీ, కత్తి పదును పెట్టింది మాత్రం బౌద్ధులు. ఇక్ష్వాకులమని చెప్పుకునే రాజుల ఊళ్లో ఈ కథను మళ్లీ మళ్లీ చెక్కడం ఊరికే జరిగి ఉండదు.

శిబి పలక ఇంకా ముఖ్యం. పాలి జాతకంలో శిబి తన కళ్లు దానం చేస్తాడు. పావురం కోసం తొడ కోసి తూకం వేసే కథ భారతంలో ఉంది, సంస్కృత బౌద్ధకథల్లోనూ ఉంది. నాగార్జునకొండ శిల్పి చెక్కింది పావురం కథే. తక్కెడ, కత్తి, చుట్టూ తల్లడిల్లే అంతఃపురం, అన్నీ తెలుగువాళ్లకు చిన్నప్పటినుంచీ తెలిసిన కథలాగే ఉంటాయి. పిల్లల్ని తీసుకెళ్తే ముందు ఈ పలక దగ్గరికే తీసుకెళ్లండి.

లోపాలు కూడా చెప్పాలి. పలకల పక్కన రాసింది తక్కువ, జాతకం పేరు చదివినంత మాత్రాన కథ తెలియదు. కథలు ముందే చదువుకుని వెళ్లకపోతే పది శిల్పాల తర్వాత అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ప్రాకృత శాసనాల పాఠం తెలుగు లిపిలో రాసుకుని జేబులో పెట్టుకెళ్లండి, బ్రాహ్మీ లిపి చదవలేకపోయినా ఏ మాట చెక్కారో తెలుస్తుంది. ఇంకోటి, ఇక్కడ వినిపించే మాటలన్నీ నమ్మొద్దు. వీరపురుషదత్తుడు శివలింగాన్ని తొక్కుతున్నట్టు ఒక శిల్పం ఉందని, కాబట్టి అతను శైవాన్ని అణచివేశాడని తరచూ చెబుతారు. అది శిల్పానికి ఇచ్చిన వ్యాఖ్యానం మాత్రమే, ఆ రాజు అలా చేశాడని చెప్పే శాసనం లేదు. కొడుకు ఏలుబడిలో సేనాని శివాలయం కట్టిన సంగతికి మాత్రం శాసనం ఉంది.

బౌద్ధ తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుడి పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొండకు ఆయన పేరు సంప్రదాయం వల్ల వచ్చింది. ఇక్కడి ఇక్ష్వాకు శాసనాల్లో ఆయన ప్రస్తావన లేదు, సంప్రదాయం ఆయన్ను శాతవాహన రాజుకు మిత్రుడంటుంది. అయినా ఆ పేరు ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది. దేనికీ తనదైన స్వభావం లేదు, అన్నీ ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్నవేనని ఆయన శూన్యవాదం. తర్వాత అద్వైత ఆచార్యుడు గౌడపాదుడు మాండూక్యకారికల నాలుగో ప్రకరణంలో బౌద్ధుల మాటలను, తిప్పిన కొరివి చక్రంలా కనిపించే పోలికను ధారాళంగా వాడుకున్నాడు. ఆ పరంపరలోని శంకరుణ్ణి ప్రత్యర్థులు ప్రచ్ఛన్నబౌద్ధుడన్నారు. శంకరుడు బౌద్ధాన్ని గట్టిగా ఖండించాడు, ఆత్మ దగ్గర గట్టు దాటలేదు. కానీ వాదించేవాడు ఎదుటివాడి ఆయుధాలు నేర్చుకోక తప్పదు.

దీవి నుంచి తిరిగొచ్చాక ఓపిక ఉంటే అనుపు చూడండి. విహారం నకలు, మెట్ల రంగస్థలం ఉన్నాయి. అన్నిటికన్నా హారీతి గుడి మీద మనసు నిలపండి. పిల్లల్ని ఎత్తుకెళ్లి తినే యక్షిణి హారీతి. బుద్ధుడు ఆమె చిన్నకొడుకును దాచిపెట్టి బిడ్డ పోయిన తల్లి బాధేమిటో తెలిసేలా చేశాక ఆమె పిల్లల్ని కాపాడే దేవతగా మారింది. యజ్ఞం, ఆత్మ అంటూ పండితులు వాదించుకుంటున్న ఊళ్లోనే పిల్లల కోసం మొక్కుకునే తల్లులకు ఒక గుడి ఉంది. గ్రామదేవతలను ఎరిగిన మనకు ఆ గుడి కొత్తగా అనిపించదు.

వెనక్కి నరసరావుపేట వైపుగా వెళ్లేవాళ్లు ఇంకొక్క చోట ఆగాలి. చేజర్ల కపోతేశ్వరస్వామి గుడి. వెనకవైపు గుండ్రంగా తిరిగి, పైన ఏనుగు వీపులా ఉన్న ఇటుక గుడి అది, చైత్యగృహం ఆకారం. బౌద్ధ చైత్యమే తర్వాత శివాలయమైందని చాలామంది పండితులు రాశారు, మొదటినుంచీ శివాలయమే అన్నవాళ్లూ ఉన్నారు. కపోతం అంటే పావురం. స్థలపురాణం శిబి చక్రవర్తిది. లింగం మీద ఉన్న గుంటలను ఆయన పావురం కోసం కోసిచ్చిన చోట్లని భక్తులు చూపిస్తారు. మ్యూజియంలో శిబి పలక చూసిన రోజునే ఈ గుడికీ వెళ్లండి, రెంటి మధ్యా ఎక్కువ రోజులు పడనివ్వొద్దు. పలకలోని తక్కెడ కళ్లముందు ఇంకా ఉండగానే గర్భగుడి ముందు నిలబడాలి.